ఆరు, నాలుగు, మూడు సరే... ఐదో నంబరు ఆటగాడు ఎక్కడ?

బహిరంగ లేఖ

వీరికి:
బేస్‌బాల్ మ్యూజియంల నిర్వాహకులు,
పాతతరం ఆటగాళ్లకు ఓటు వేసే కమిటీ సభ్యులు,
ఆట మీద రాసే విలేకరులు, వ్యాఖ్యాతలు

విషయం: వందేళ్ల కిందటి షికాగో కబ్స్ జట్టు ఆటగాళ్లు టింకర్, ఎవర్స్, చాన్స్ త్రయం గురించి చెప్పేచోట పూర్తి చరిత్ర చెప్పాలని, థర్డ్ బేస్‌లో ఆడిన హ్యారీ స్టైన్‌ఫెల్ట్ పేరు వాళ్ల పక్కన చేర్చాలని విన్నపం.

అయ్యా, అమ్మా,

నమస్కారం. వందేళ్లు దాటిన ఆట తాలూకు కాగితాలను, బంతులను, గ్లవ్‌లను జాగ్రత్తగా దాచిపెడుతున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

నేను షికాగో శివారులో ఉంటాను. ఇక్కడి పిల్లల లీగ్‌లో శనివారాలు స్కోర్‌షీట్ రాసే వలంటీర్లలో ఒకణ్ని. ఈ లేఖలో ఉన్న సంగతులే ఇంగ్లిష్‌లో రాసి ఇంతకుముందు ఒక సంస్థకు పంపాను. ఉత్తరం అందిందని కంప్యూటర్ పంపే జవాబు ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురిలో పెడుతున్నాను. తెలుగులో ఎందుకంటారా? ఈ దేశంలో పిల్లల్ని కారెక్కించుకుని బేస్‌బాల్ మైదానాల చుట్టూ తిరిగే తెలుగు అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు. మీరు చెప్పిన కథే వాళ్లు నమ్ముతారు, పిల్లలకు చెబుతారు. కాబట్టి ఈ తగువులో వాళ్లకూ వాటా ఉంది. ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా అందుతుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. మీరు కొంచెం ఓపిక పట్టండి.

క్రికెట్‌లో ఒక బంతికి ఒక్కరే అవుట్. బేస్‌బాల్‌లో ఒకే దెబ్బకు ఇద్దర్ని పంపించేయొచ్చు. బ్యాటర్ ఒక పరుగు చేయాలంటే ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు అనే మూడు గుర్తులను వరసగా తాకి, బయల్దేరిన చోటుకే, అంటే 'ఇంటికి' చేరాలి. ఇప్పుడు ఫస్ట్ బేస్ మీద ఒక రన్నర్ నిలబడి ఉన్నాడు. బ్యాటర్ బంతిని నేల మీదుగా షార్ట్‌స్టాప్ వైపు, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ వైపు కొట్టాడు. షార్ట్‌స్టాప్ వంగి బంతి అందుకుని, నిటారుగా లేవకుండానే సెకండ్ బేస్ వైపు విసురుతాడు. ఈలోగా సెకండ్ బేస్‌మన్ పరిగెత్తుకొచ్చి, కాలు బేస్ మీద పెడుతూ బంతి పట్టుకోవాలి. ఒకడు అవుట్. ఆ రన్నర్ మాత్రం ఆగడు. బూట్ల మేకులు పైకి కనిపించేలా జారుకుంటూ కాళ్ల మీదికి వస్తాడు. ఆ మేకుల్ని తప్పించుకుంటూ, ఒళ్లు తిప్పి, బంతిని ఫస్ట్ బేస్‌కి విసరాలి. బ్యాటర్ కంటే ముందు బంతి చేరితే రెండోవాడూ అవుట్. మొత్తం కలిపి నాలుగు సెకన్ల పని. 1900ల తొలి రోజుల్లో గ్లవ్ అంటే అరచేతికి కాస్త పెద్దదైన తోలుముక్క. ఒకే బంతిని గంటల తరబడి వాడేవారు. అది మట్టి, ఉమ్మి కలిసి నల్లబడి, మెత్తబడి, ఎటు ఎగురుతుందో తెలియకుండా వచ్చేది.

స్కోర్ రాసేటప్పుడు పేర్లు రాయం, నంబర్లు రాస్తాం. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6. పైన చెప్పిన డబుల్ ప్లే మా షీట్‌లో 6-4-3. థర్డ్ బేస్ దగ్గర మొదలైతే 5-4-3. నా ఫిర్యాదంతా ఆ ఐదో నంబరు గురించే.

ఇక ఆ ముగ్గురు. షార్ట్‌స్టాప్ జో టింకర్, కాన్సస్ రాష్ట్రంలో మస్కోటా అనే పల్లెలో పుట్టినవాడు. సెకండ్ బేస్‌లో జానీ ఎవర్స్, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ వాడు. బక్కపలచని మనిషి, నోరు మాత్రం అంపైర్లు భయపడేంత పెద్దది. ఫస్ట్ బేస్‌లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఫ్రాంక్ చాన్స్. 1905 నుంచి షికాగో కబ్స్ జట్టుకు ఆటగాడూ ఆయనే, మేనేజరూ ఆయనే. నిజానికి ఈ ముగ్గురూ ఆ స్థానాల కోసం రాలేదు. 1902లో మేనేజరుగా ఉన్న ఫ్రాంక్ సెలీ థర్డ్ బేస్ ఆడే టింకర్‌ని షార్ట్‌స్టాప్ చేశాడు. క్యాచర్‌గా ఉన్న చాన్స్‌ని ఫస్ట్ బేస్‌కి పంపాడు. షార్ట్‌స్టాప్‌గా వచ్చిన ఎవర్స్‌ని సెకండ్ బేస్‌లో నిలబెట్టాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 13న ముగ్గురూ ఆ చోట్లలో తొలిసారి కలిసి ఆడారు. రెండు రోజులకే తొలి డబుల్ ప్లే పడింది.

ఆ తర్వాత వచ్చిన విజయాలు మామూలువి కావు. 1906లో కబ్స్ 116 మ్యాచ్‌లు గెలిచి 36 మాత్రమే ఓడారు. ఆ సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగులు 381. ఆ ఏడు, రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో సొంత ఊరి వైట్ సాక్స్ చేతిలో ఓడినా, 1907లోనూ 1908లోనూ డెట్రాయిట్‌ని ఓడించి కప్పు తెచ్చారు. 1910లో మళ్లీ లీగ్ గెలిచారు. అయిదేళ్లలో నాలుగు లీగ్ టైటిళ్లు.

1910 జులైలో న్యూయార్క్ ఈవెనింగ్ మెయిల్ కాలమిస్టు ఒకాయన తన కాలమ్‌లో ఎనిమిది పంక్తుల పద్యం వేశాడు. న్యూయార్క్ జెయింట్స్ అభిమాని గోడు అది. మనవాళ్లు పరుగులు తీయబోతుంటే ఈ ముగ్గురూ కలిసి నోటి దగ్గరి కూడు లాగేస్తున్నారని ఏడుపు. కాలమ్ నింపడానికి రాసిన ఆ పద్యం దేశమంతా పాకింది. ముగ్గురి పేర్లూ ఆ వరసలోనే జనం నోళ్లలో నానాయి. 1946లో పాతతరం కమిటీ ఒకేసారి 11 మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే ఆటలో గొప్పవాళ్ల పేర్లను ఫలకాల మీద ఎక్కించే గౌరవ జాబితాలోకి తీసుకుంది. వాళ్లలో ఈ ముగ్గురూ ఉన్నారు. చాన్స్ 1924లోనే పోయాడు. ఎవర్స్ 1947లో, టింకర్ 1948లో కన్నుమూశారు. అంటే ఆ ఇద్దరూ తమ పేరు అక్కడ చేరడం చూసి పోయారు. అందుకు నాకు సంతోషమే.

ఇప్పుడు నా అభ్యంతరాలు.

1. లెక్క చెప్పడం లేదు.

1906 నుంచి 1909 వరకు నాలుగు సీజన్ల పాత రికార్డులు తిరగేసి లెక్కపెట్టినవాళ్లు తేల్చింది ఏమిటంటే, ఈ ముగ్గురి మధ్య నడిచిన డబుల్ ప్లేలు మొత్తం 54. టింకర్ మొదలుపెట్టినవి 29, ఎవర్స్ మొదలుపెట్టినవి 25. ఏడాదికి పద్నాలుగు కూడా లేవు. ఈ కాలంలో ఒక జట్టు ఒక్క సీజన్‌లో చేసే డబుల్ ప్లేలు మామూలుగా వంద దాటతాయి కదా, మరి 54 ఏం గొప్ప అని ఎవరికైనా అనుమానం రావడం సహజం.

నాకు తెలిసి దీనికి సరైన సమాధానం ఉంది. ఆ సమాధానం ఆ ముగ్గురికీ మేలే చేస్తుంది. ఆ రోజుల్లో రన్నర్ ఫస్ట్ బేస్ మీద ఊరికే నిలబడేవాడు కాదు. బంట్ కొట్టి, అంటే బంతికి బ్యాట్‌ని మెల్లగా తగిలించి ముందుకు జరిపేవారు, లేకపోతే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి దాన్ని దొంగిలించేవాడు, లేకపోతే పిచర్ బంతి వదలగానే పరుగు అందుకునేవాడు. డబుల్ ప్లేకి అవకాశమే తక్కువ. పైగా మోర్డికై బ్రౌన్, ఎడ్ రూల్‌బాక్ లాంటి పిచర్లు ఉన్న జట్టు మీద బేస్ దాకా చేరేవాళ్లే తక్కువ. చిన్నప్పుడు మేత కోసే మిషన్‌లో చెయ్యి పడి వేలు పోగొట్టుకున్న ఆ బ్రౌన్ 1906లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి సగటున ఇచ్చింది 1.04 పరుగులు. రన్నరే లేనప్పుడు ఇద్దర్ని ఎక్కణ్నుంచి అవుట్ చేస్తారు?

ఈ మాట మ్యూజియం గోడ మీద రాస్తే సరిపోయేది. రాయకపోవడం వల్ల ఏమవుతోంది? డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కుని పిల్లలతో వచ్చిన మనిషి, రోజుకో డబుల్ ప్లే చేసిన వీరులనుకుని వెళ్తున్నాడు. ఇంటికెళ్లాక అదే పిల్లాడు ఫోన్‌లో 54 అన్న అంకె చూసి, 'నాన్నా, అదంతా గ్యాసే' అంటున్నాడు. మొదటిది తప్పు, రెండోదీ తప్పే. మధ్యలో ఉన్న నిజం చెప్పే పని మీది.

2. నాలుగో మనిషిని మాయం చేశారు.

హ్యారీ స్టైన్‌ఫెల్ట్ 1906లో సిన్సినాటి నుంచి కబ్స్‌లోకి వచ్చాడు. థర్డ్ బేస్ ఆయనది. వచ్చిన ఏడాదే .327 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకు 327 హిట్ల లెక్కన కొట్టాడు. 176 హిట్లతో లీగ్‌లో మొదటి స్థానం. తోటివాళ్లను ఇంటికి చేర్చిన లెక్కలో 83తో అక్కడా ముందువరసే. 1907 వరల్డ్ సిరీస్‌లో ఆయన సగటు .471. ఆ సిరీస్‌లో డెట్రాయిట్ తరఫున ఎదురుగా ఉన్నది ఆ కాలపు మహా బ్యాటర్ టై కాబ్ అని గుర్తుపెట్టుకోండి.

ఒక్కసారి తేదీలు వరసగా పెట్టి చూడండి. టింకర్, ఎవర్స్, చాన్స్ 1902 నుంచీ కలిసే ఉన్నారు. స్టైన్‌ఫెల్ట్ రాకముందు వాళ్లకు ఒక్క లీగ్ టైటిలూ లేదు. ఆయన ఉన్న అయిదేళ్లలో నాలుగు. 1911కి ఆయన వెళ్లిపోయాడు. ఆ ముగ్గురికీ కలిపి మళ్లీ ఒక్కటి కూడా రాలేదు. అంతా ఆయన చలవేనని నేను అనడం లేదు. బ్రౌన్, రూల్‌బాక్, క్యాచర్ జానీ క్లింగ్ లేకపోతే ఏమీ లేదు. 1911లో ఎవర్స్ ఆరోగ్యం దెబ్బతిని చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు, చాన్స్ ఆడిందీ కొద్దే. అయినా సరే, నలుగురు కాపలా కాసిన ఇన్‌ఫీల్డ్‌కి, అంటే బేస్‌ల దగ్గరి మైదానానికి ముగ్గురి పేరే మిగిలితే దాన్ని సొమ్మొకడిది సోకొకడిది అనే అంటాం మేము.

ఇవాళ ఆయన పేరు వినబడేది ఒక్కచోటే, క్విజ్ పోటీల్లో. 'టింకర్, ఎవర్స్, చాన్స్ సరే, థర్డ్ బేస్ ఎవరు?' అని అడిగి నవ్వుకోవడానికి. 1914లో 36 ఏళ్లకే కెంటకీలో చనిపోయిన మనిషి వందేళ్లుగా ఇంకొకరి కథలో జోక్‌గా మిగిలాడు.

దీని వల్ల మామూలు జనానికి నష్టమేమిటని అడుగుతారేమో. మా లీగ్‌లో జరిగేది చెబుతాను. సీజన్ మొదట్లో ఎవరు ఎక్కడ ఆడతారో కోచ్ అడిగితే షార్ట్‌స్టాప్‌కి, సెకండ్ బేస్‌కి చేతులు లేస్తాయి. థర్డ్ బేస్‌కి ఎవరూ రారు. బ్యాటర్ గట్టిగా లాగి కొట్టిన బంతి అందరికంటే ముందు తగిలేది అక్కడే. దూరం తక్కువ, టైమ్ తక్కువ, కళ్ల ముందు దుమ్ము. చివరికి ఎవరో మొహమాటస్తుడైన పిల్లాణ్ని అక్కడ నిలబెడతారు. పోయినేడాది అలాంటి ఒక బాబు టోపీ అంచు కొరుక్కుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు. 'అంకుల్, థర్డ్ బేస్‌లో ఎవరైనా ఫేమస్ ఉన్నారా?' అని అడిగాడు. వాడి టెన్షన్ అర్థమై నేను స్టైన్‌ఫెల్ట్ పేరు కాగితం మీద రాసిచ్చాను. వాడికది ఎక్కడా దొరకలేదు. మీ ప్రదర్శనల్లో ఆ ముగ్గురి ఫొటో పక్కనే ఆ పేరు ఉండి ఉంటే, దొరికేది.

3. చిన్న ఊళ్లకు మీ మాటే ఆధారం.

మస్కోటా జనాభా రెండొందలు కూడా లేదు. టింకర్ పుట్టాడన్న ఒక్క కారణంతో ఆ ఊరివాళ్లు పాత నీళ్ల ట్యాంకుకు తెల్లరంగు, ఎర్రకుట్లు వేసి పెద్ద బేస్‌బాల్ బంతిగా నిలబెట్టుకున్నారు. హైవే మీద పోయేవాళ్లు ఆగి ఫొటో దిగుతారు. చూడండి, ఒక పద్యం, దాని తర్వాత ఒక ఫలకం కలిసి ఒక పల్లెకు చిరునామా ఇచ్చాయి. నాకు అసూయ లేదు, అలాగే ఉండాలి. మరి స్టైన్‌ఫెల్ట్ పెరిగిన టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఏ బళ్లో పిల్లాడికైనా ఆయన తమవాడని తెలుసా? చరిత్రలో పేరు లేకపోతే ఊరు కూడా తన మనిషిని తానే మరిచిపోతుంది.

ఇదే కోవలో షికాగో సంగతి. ఈ త్రయం ఆట చూసినట్టు ఊహించుకోవడానికి జనం రిగ్లీ ఫీల్డ్‌కి వెళ్తారు. ఆ మైదానం కట్టిందే 1914లో. కబ్స్ అక్కడికి మారింది 1916లో. అప్పటికే త్రయం విడిపోయి ఏళ్లయింది. వాళ్లు ఆడింది వెస్ట్ సైడ్‌లో, ఇప్పుడు ఆసుపత్రులు, మెడికల్ కాలేజీ భవనాలు ఉన్నచోట. టూరిస్టులకు ఈ ఒక్క ముక్క గట్టిగా చెబితే మీకు పోయేదేముంది?

4. గొడవను తీపి కథగా మార్చారు.

టింకర్‌కి, ఎవర్స్‌కి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1905 సెప్టెంబర్‌లో మైదానంలోనే కొట్టుకున్నారు. హోటల్ దగ్గర ఎవర్స్ తోటివాళ్లను వదిలేసి ఒక్కడే బండి ఎక్కి పోయాడన్నది గొడవకు కారణం. దగ్గరి నుంచి టింకర్ బలంగా విసిరిన బంతికి వేలు విరిగినంత పనైందన్నది ఎవర్స్ వైపు కథ. కారణం ఏదైనా, ఆ తర్వాత ఏళ్ల తరబడి మైదానం బయట ఎడముఖం పెడముఖమే. అలా ఉంటూనే లీగ్ గెలిచారు, వరల్డ్ సిరీస్ గెలిచారు. 1938 వరల్డ్ సిరీస్ సమయంలో రేడియో కోసం ఇద్దర్నీ ఒకచోటికి పిలిస్తే కౌగిలించుకుని కన్నీళ్లు పెట్టుకున్నారని చెబుతారు.

నాకైతే ఆ డబుల్ ప్లేల కంటే ఇదే పెద్ద విశేషం. మాటల్లేని మనిషి విసిరే బంతి ఎక్కడికొస్తుందో చూడకుండానే తెలుసుకుని అక్కడ చెయ్యి పెట్టడం చిన్న సంగతా? ఆఫీసుల్లో పక్క సీటువాడితో మాటలు లేకుండా పనిచేసేవాళ్లు ఎంతమంది! వాళ్లకు కావాల్సిన కథ ఇది. కోచ్‌లు మాత్రం పిల్లలకు దీన్ని ప్రాణస్నేహితుల కథగా చెబుతున్నారు. వాళ్లను అనడానికి లేదు, మీ బొమ్మల పుస్తకాల్లో ఉన్నదే అది.

5. ఒకరి తెలివిని మెచ్చుకోవడానికి ఇంకొకరి బతుకు బలి.

ఇది అన్నిటికంటే బరువైనది. 1908 సెప్టెంబర్ 23, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో కబ్స్, జెయింట్స్ మ్యాచ్. స్కోరు 1-1, చివరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్. జెయింట్స్ వాళ్లు థర్డ్ బేస్ మీద మెకార్మిక్, ఫస్ట్ బేస్ మీద 19 ఏళ్ల ఫ్రెడ్ మర్కల్. బ్రిడ్‌వెల్ హిట్ కొట్టాడు, మెకార్మిక్ ఇంటికి చేరాడు, జెయింట్స్ గెలిచారని జనం మైదానంలోకి దూకారు. ఆ తోపులాటలో మర్కల్ సెకండ్ బేస్ తాకకుండా డ్రెస్సింగ్ రూమ్ వైపు తిరిగాడు. అప్పట్లో అందరూ చేసే పనే అది. ఎవర్స్ బంతి తెప్పించుకుని సెకండ్ బేస్ తొక్కి అవుట్ అడిగాడు. అంపైర్ హ్యాంక్ ఓడే ఒప్పుకున్నాడు. మర్కల్ అక్కడికి చేరలేదు కాబట్టి అది మూడో అవుట్ అయింది, పరుగు చెల్లలేదు, మ్యాచ్ టై.

అంతకు ముందు, సెప్టెంబర్ 4న పిట్స్‌బర్గ్‌లో అచ్చం ఇలాంటిదే జరిగింది. అదే ఎవర్స్ అడిగాడు, అదే ఓడే ఒప్పుకోలేదు. అంటే ఆ నెలలోనే రూలు అమలు మారింది, ఆ మార్పు ఒక కుర్రాడి నెత్తిన పడింది. సీజన్ చివరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. అక్టోబర్ 8న మళ్లీ ఆడితే కబ్స్ 4-2తో గెలిచారు.

ఎవర్స్ తెలివిని నేను తక్కువ చేయను. రూల్ పుస్తకం పక్కన పెట్టుకుని పడుకునే మనిషి, దాని ఫలితం దక్కింది. కానీ పత్రికలు మర్కల్‌కి మట్టిబుర్ర అని పేరు పెట్టాయి. ఆ పేరు ఆయన చచ్చేదాకా వదల్లేదు. పదహారు సీజన్లు ఆడాడు, కొన్నాళ్లు అదే కబ్స్‌కి కూడా ఆడాడు. రిటైరయ్యాక ఆ చేదుతో చాలాకాలం ఆటకు దూరంగా ఉన్నాడు. 1950లో జెయింట్స్ పాత ఆటగాళ్ల మ్యాచ్‌కి వస్తే జనం లేచి చప్పట్లు కొట్టారు. నలభై రెండేళ్లు ఆలస్యంగా.

ఇవాళ్టికీ ఆ సంఘటనకు మీరు పెట్టే హెడ్డింగ్ ఆ తిట్టుపేరే. శనివారం మ్యాచ్‌లో బేస్ తాకడం మరిచిన పదేళ్ల పాపను పక్క జట్టు పెద్దవాళ్లే ఆ పేరుతో ఎగతాళి చేయడం నేను విన్నాను. ఆ పాప తర్వాతి వారం రాలేదు.

ఇక కమిటీ సభ్యులకు విడిగా ఒక మాట. ఆ ముగ్గురిలో చాన్స్ అర్హత గురించి నాకు సందేహం లేదు. కబ్స్ మేనేజరుగా 768 విజయాలు, 389 ఓటములు. తల మీద బంతులు తిని తిని వినికిడి పోగొట్టుకున్నాడు, మెదడుకు ఆపరేషన్ కూడా అయింది. టింకర్ ఫీల్డింగ్, ఎవర్స్ బుర్ర కూడా గట్టివే. 1914లో బోస్టన్‌కి ఆడుతూ లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు తెచ్చుకున్నాడు ఎవర్స్. ఎవరి ఫలకాన్నీ దించమని అడగడం లేదు. కానీ ముగ్గుర్నీ ఒకే ఏడాది ఒకే గంపలో ఎత్తుకొచ్చి పెట్టడంలో పద్యం పాత్ర లేదంటే ఎవరూ నమ్మరు. ఆ ముగ్గుర్నీ తయారుచేసిన సెలీకి ఫలకం ఎప్పుడొచ్చింది? క్షయ జబ్బుతో 1905లో జట్టు వదిలి, 1909లో పోయిన మనిషికి 1999లో. శిష్యుల తర్వాత యాభై మూడేళ్లకు గురువు. సెలీ మీద ఎవరూ పద్యం రాయలేదు మరి.

ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. 16 మంది కమిటీ గది తలుపులు మూసి కూర్చుంటుంది, 12 ఓట్లు వస్తే ఫలకం, ఎవరు ఎవరికి ఎందుకు వేశారో బయటికి రాదు. 2016లో బేస్‌బాల్ రచయితల సంఘం తమ ఓట్లన్నీ బయటపెడతామని తీర్మానం చేస్తే, హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లే వద్దన్నారు. ఓటు రహస్యం అనేది ఓటరును బెదిరింపుల నుంచి కాపాడటానికి. చచ్చిపోయి డెబ్బై ఏళ్లయిన ఆటగాడి విషయంలో మిమ్మల్ని ఎవరు బెదిరిస్తారు?

మా కోరికలు ఇవి:

1. టింకర్, ఎవర్స్, చాన్స్‌ల గురించి ప్రదర్శన ఉన్న ప్రతిచోటా, నాలుగేళ్లలో 54 అన్న లెక్కను, అది ఎందుకు తక్కువగా కనిపిస్తుందో ఆ కారణాన్ని కలిపి రాయాలి. పద్యం గోడ మీద ఉంటే దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో.

2. 1906 నుంచి 1910 వరకు ఇన్‌ఫీల్డ్ అని రాసినప్పుడు నలుగురి పేర్లూ రాయాలి. స్టైన్‌ఫెల్ట్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం ఇవ్వమని నేను అడగడం లేదు. కెరీర్ మొత్తం చూస్తే ఆ స్థాయి లేదని నాకూ తెలుసు. ఫొటో కింద పేరు చాలు.

3. 1908 మ్యాచ్ గురించి రాసే విలేకరులు, వ్యాఖ్యాతలు ఆ తిట్టుపేరును హెడ్డింగ్‌గా వాడటం మానాలి. సెప్టెంబర్ 4 పిట్స్‌బర్గ్ సంగతి చెప్పకుండా సెప్టెంబర్ 23 సంగతి చెప్పకూడదు. అంపైర్ నిర్ణయం మారిందన్న ముక్క లేకపోతే ఆ కథలో సగం లేనట్టే.

4. పిల్లల కోసం వేసే పుస్తకాల్లో టింకర్, ఎవర్స్‌ల గొడవ దాచొద్దు. పిల్లలకు ఆ మాత్రం అర్థమవుతుంది, వాళ్లూ రోజూ కొట్టుకునేవాళ్లే.

5. పాతతరం ఆటగాళ్ల మీద ఓటు వేసే సభ్యులు తమ ఓటుకు కారణం ఒక పేజీలో రాసి ప్రకటించాలి. 1980కి ముందు ఆడినవాళ్లను చూసే కమిటీ మళ్లీ 2027 డిసెంబర్‌లో కూర్చోవాల్సి ఉంది. ఆలోపే ఈ నిర్ణయం తీసుకోవాలి.

మొదటి నాలుగింటికి కమిటీలు, బోర్డులు అక్కర్లేదు. ఒక ఫ్లెక్సీ, కాసేపు కూర్చుని రాసే ఓపిక ఉంటే వచ్చే సీజన్ ప్రారంభానికే అయిపోతాయి. జవాబు ఏదైనా సరే, కాదన్నా సరే, మనిషి రాసిన జవాబు పంపండి. వచ్చింది వచ్చినట్టు మా లీగ్ నోటీసు బోర్డులో, ఈ లేఖ పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
శనివారం స్కోర్‌షీట్ రాసే ఒక వలంటీరు,
షికాగో శివారు